‘సార్’ అంటూనే ‘నువ్వు’ అంటే ఎలా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కస్టమర్ కేర్ గురించే. ఫోన్ ఎత్తేవాళ్లూ రాశారు, ఫోన్ చేసేవాళ్లూ రాశారు. హైదరాబాద్‌లో ఒక కాల్ సెంటర్ తెలుగు ప్రాసెస్‌లో, అంటే తెలుగు కాల్స్ తీసుకునే విభాగంలో, హెడ్‌సెట్ పెట్టుకుని చాలాకాలం కూర్చున్నదాన్ని, ఆ తర్వాత కొత్త బ్యాచ్‌లకు శిక్షణ ఇచ్చినదాన్ని. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి. అందుకే ఈసారి మిగతా ఉత్తరాలను వచ్చే వారానికి ఉంచి, ఇవే తీసుకుంటున్నాను.

ప్రశ్న: మాదాపూర్‌లో ఒక కాల్ సెంటర్‌లో కొత్తగా చేరాను. ప్రతి వాక్యంలోనూ ‘సార్’ గానీ ‘మేడమ్’ గానీ ఉండాలని మా టీఎల్ (టీమ్ లీడర్) అంటారు. లేకపోతే మా కాల్స్ విని తప్పొప్పులు చూసే క్వాలిటీ వాళ్లు మార్కులు కోసేస్తారు. మొన్న ఒక పెద్దాయన ‘సార్ సార్ అనడం ఆపి విషయం చెప్పు తల్లీ’ అని విసుక్కున్నారు. అసలు ఎంత మర్యాదగా మాట్లాడితే సరిపోతుంది?
— ఒక ఉద్యోగిని, హైదరాబాద్

జవాబు: ఆ పెద్దాయన విసుగు మీ మీద కాదమ్మా, మీ చేతికిచ్చిన స్క్రిప్ట్ మీద. తెలుగులో మర్యాద క్రియలోనే ఉంటుంది. ‘చెప్పండి’, ‘చూస్తున్నారా’, ‘మెసేజ్ చదివారా’ అన్నప్పుడే ఎదుటి మనిషికి ఇవ్వాల్సిన గౌరవం ఇచ్చేశారు. ఇంగ్లిషు క్రియకు ఆ వీలు లేదు కాబట్టి అక్కడ వాక్యానికో ‘సర్’ తగిలించుకుంటారు. ఆ స్క్రిప్టును తెలుగు చేసినవాళ్లు ఆ ‘సర్’లను కూడా లెక్క తప్పకుండా దింపేశారు. ‘సార్, మీ నంబర్ చెప్పండి సార్, ఒక్క నిమిషం సార్, చెక్ చేస్తాను సార్’ అని వింటుంటే మర్యాద తెలియదు. మనం భయపడుతున్నామనో, ఏదో దాస్తున్నామనో అనిపిస్తుంది.

నా శిక్షణలో చెప్పిన కొలత ఇది. కాల్ మొదట్లో పేరు తెలిశాక ఒకసారి ‘గారూ’ అనండి. హోల్డ్‌లో పెట్టే ముందు ఒకసారి, చివర్లో ఒకసారి. మధ్యలో ‘అండి’ ఉంది, క్రియ ఉంది, అవి చూసుకుంటాయి. కస్టమర్ కోపంగా ఉన్నప్పుడు మనకు తెలియకుండానే ‘సార్’లు పెరుగుతాయి. అక్కడే తగ్గించాలి. ‘మీ రీఫండ్ రిజెక్ట్ అయింది సార్, సారీ సార్’ అనడం కంటే, ‘మీరు రిటర్న్ పెట్టేసరికి పది రోజుల గడువు దాటిందండి, అందుకే రీఫండ్ ఆగింది. దీని మీద పై వాళ్లకు అప్పీల్ పెట్టొచ్చు, నేను పెట్టనా?’ అనడం ఎంతో గౌరవం. కారణం చెప్పడమూ దారి చూపించడమూ మర్యాదలో భాగమే.

‘నేను మీకు ఏ విధంగా సహాయపడగలను’ అనే ఓపెనింగ్ కూడా మన నోటికి పట్టేది కాదు. కంపెనీ పేరు, మీ పేరు చెప్పి ‘చెప్పండి’ అంటే చాలు. ‘మీ యొక్క సహనానికి ధన్యవాదాలు’ బదులు ‘లైన్‌లో ఉన్నందుకు థ్యాంక్సండి, మీ బిల్లు చూశాను’ అనండి. ‘తమరు’ జోలికి మాత్రం వెళ్లకండి. ఇప్పుడు చాలా ఇళ్లలో ఆ మాట వెటకారంగానే వినిపిస్తోంది.

ఇంకొకటి, పేర్లు. స్క్రీన్ మీద ‘లాస్ట్ నేమ్’ గడిలో మన ఇంటిపేరు ఉంటుంది. సిస్టమ్ అదే చూపిస్తుంది కాబట్టి కొత్తవాళ్లు ‘నమస్కారం గుడివాడ గారూ’ అనేస్తారు. ఆ సత్యనారాయణ గారు తనను కాదేమో అనుకుంటారు. వరసలో ఉన్న పేరంతా ఒకసారి చూసి, సందేహం ఉంటే ‘సత్యనారాయణ గారేనాండీ మాట్లాడేది?’ అని అడగండి.

మార్కుల సంగతి. మీ ఫ్లోర్‌లో క్వాలిటీ వాళ్లూ టీఎల్‌లూ కలిసి కాల్స్ వినే కాలిబ్రేషన్ మీటింగ్ ఉంటుంది. ఆ పెద్దాయన కాల్‌ను అందులో వినిపించమని మీ టీఎల్‌ను అడగండి. వాదించనక్కర్లేదు, కాల్ వింటే వాళ్లకే అర్థమవుతుంది. అయినా ఆ మార్కుల షీటు మారే వరకూ మీ జీతం ఆ మార్కులతో ముడిపడి ఉంది కాబట్టి, వాళ్లడిగినన్ని ‘సార్’లు వేయండి. తప్పులేదు. కానీ వాక్యం మొదట్లో కాకుండా చివర్లో, తేలిగ్గా పడేలా చూసుకోండి.

ప్రశ్న: మాది జనగామ దగ్గర పల్లె. నాన్న పత్తి రైతు. ట్రాక్టర్ లోన్ కిస్తీ కట్టినా కట్టలేదని రోజూ ఫోన్లు వస్తుంటే ఆయనే కస్టమర్ కేర్‌కు చేశారు. ‘సారూ, నేను పైసలు కట్టిన సారూ’ అని మొదలుపెట్టారు. అవతలి అబ్బాయి ముందు ‘మీరు’ అన్నవాడు రెండు నిమిషాల్లో ‘ఎప్పుడు కట్టావ్? రసీదు ఉందా నీ దగ్గర?’ అన్నాడు. నేను ఫోన్ తీసుకుని ఇంగ్లిషులో మాట్లాడాను. వెంటనే ‘మేడమ్, మీరు ఒక్క నిమిషం ఉండండి’ అన్నాడు. నాన్న పక్కనే కూర్చుని అంతా విన్నారు. ఏమీ అనలేదు. నాకే కడుపు మండిపోయింది. ఇది చిన్న విషయమా?
— ఒక కూతురు, జనగామ జిల్లా

జవాబు: కాదమ్మా. ఈ వారం వచ్చిన ఉత్తరాలన్నింటిలో పెద్ద విషయం ఇదే.

మీ నాన్నగారు ‘సారూ’ అనడంతోనే వ్యవహారం తలకిందులైంది. నెలనెలా కిస్తీ కట్టి ఆ కంపెనీని నడిపేది ఆయన. జీతం తీసుకుని జవాబు చెప్పాల్సింది ఆ అబ్బాయి. కానీ మన పల్లెల్లో ఆఫీసు గొంతు వినగానే ‘సారూ’ అనడం అలవాటు. తహసీల్దారు ఆఫీసులో, బ్యాంకు కౌంటర్ దగ్గర, ఆస్పత్రిలో ఆ మాట అనకపోతే పని జరగదని నేర్చుకున్నారు. ఆ పిలుపు చెవిన పడగానే ఫోన్‌లో ఉన్న కుర్రాడు తాను నిజంగానే సార్‌ననుకుంటాడు. గొంతులోని యాసను బట్టి, తడబాటును బట్టి ఎదుటి మనిషికి ఎంత ఇవ్వాలో లెక్క వేసుకుంటాడు. చాలామంది ఈ పని తెలిసి చేయరు. తెలియకుండా చేస్తారు కాబట్టే దీన్ని శిక్షణలో పట్టుకుని మాన్పించాలి.

కొత్త బ్యాచ్‌లకు నేను కాల్ రికార్డింగులు వినిపించి, ‘మీరు’ ఎక్కడ ‘నువ్వు’ అయిందో చేయి ఎత్తమనేదాన్ని. దాదాపు ప్రతిసారీ ఒకేచోట చేతులు లేచేవి. వెరిఫికేషన్ దగ్గర. రిజిస్టర్డ్ నంబర్ వెంటనే గుర్తురాక, ఓటీపీ చదవలేక, ‘ఉండు బిడ్డా, మా మనవణ్ని పిలుస్త’ అని కస్టమర్ అన్న చోట. ఒక్కో కాల్ ఇన్ని నిమిషాల్లో ముగించాలని ఏజెంట్ మీద ఒత్తిడి ఉంటుంది, ఆ టెన్షన్ నాకు తెలుసు. కానీ ఆ ఒత్తిడి ఇంగ్లిషు మాట్లాడే కస్టమర్ మీద ఎందుకు పడదు? వాళ్లూ ఓటీపీ కోసం వెతుక్కుంటారు, వాళ్లూ అడిగిందే అడుగుతారు. వాళ్లకు ‘నువ్వు’ పడదు.

‘తెలంగాణ పల్లెల్లో అందరూ నువ్వనే అంటారు కదా మేడమ్, అది తప్పు కాదు కదా’ అని కొందరు ట్రైనీలు అడిగేవారు. నిజమే, అక్కడ అవ్వను, మామను, పక్కింటి పెద్దాయనను ‘నువ్వు’ అంటారు, అందులో చనువు తప్ప చులకన లేదు. మీ నాన్నగారు ఆ అబ్బాయిని ‘నువ్వు చెప్పు బిడ్డా’ అన్నా నొచ్చుకోకూడదు. కానీ ఆ ‘నువ్వు’కు ముందు ఏళ్ల పరిచయం ఉంటుంది. ముఖం తెలియని మనిషి, డబ్బు లెక్క అడుగుతూ, రసీదు చూపించమంటూ అనే ‘నువ్వు’లో ఆ చనువు ఎక్కడిది? పైగా మీతో ‘మీరు’ అన్నాడంటే అతనికి తేడా బాగానే తెలుసు.

నా మటుకు దీనికి మినహాయింపు లేదు. ఫోన్ చేసింది రైతైనా, ఆటో నడిపే ఆయనైనా, అమ్మ ఫోన్‌లోంచి చేసిన పదో తరగతి పిల్లాడైనా ‘మీరు’తో మొదలై ‘మీరు’తోనే ముగియాలి. ‘మీరు’ అంటూనే వాళ్ల యాసలో మాట్లాడితే ఇంకా మంచిది. ‘ఎన్నడు కట్టిన్రు? రసీదు దగ్గర పెట్టుకున్నరా?’ అంటే మీ నాన్నగారికి గౌరవమూ అందేది, మాట కూడా సులువుగా అర్థమయ్యేది. పెద్దవాళ్లు తామే ‘బిడ్డా’ అని పిలిస్తే, తిరిగి ‘పెద్దమ్మా’, ‘బాపూ’ అనొచ్చు, క్రియ మాత్రం దిగకూడదు.

దీని వల్ల పని కూడా బాగవుతుంది. కేంద్ర ప్రభుత్వం 2004 జనవరిలో మొదలుపెట్టిన కిసాన్ కాల్ సెంటర్ (1800-180-1551) ఉంది కదా, అక్కడ ఫోన్ ఎత్తేది వ్యవసాయం చదివిన పట్టభద్రులు. ఆకు ఏ రంగుకు మారింది, మచ్చ అంచు ఎలా ఉంది, ఏ మందు ఎన్నాళ్ల కిందట కొట్టారు అన్నది రైతు చెబితేనే వాళ్లు సలహా ఇవ్వగలరు. ఒక్కసారి గద్దించినట్టు అడిగితే మనిషి ముడుచుకుపోతాడు, రెండు మందులు కలిపి కొట్టిన సంగతి చెప్పడు. మీ నాన్నగారి విషయంలోనూ అంతే. ఎక్కడ కట్టారు, ఎవరి చేతికి ఇచ్చారు అని నెమ్మదిగా అడిగి ఉంటే కిస్తీ ఎక్కడ ఆగిందో అప్పుడే తేలేదేమో.

ఇక మీరు చేయాల్సింది. కాల్ చేసిన తేదీ, సమయం, ఫిర్యాదు నంబర్ రాసి పెట్టుకోండి. ఆ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాతపూర్వకంగా రెండూ రాయండి. కట్టిన కిస్తీ లెక్కలో పడలేదన్నది ఒకటి, సిబ్బంది ఎలా మాట్లాడారన్నది రెండోది. రికార్డింగ్ వినమని అడగండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇలాంటి ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు, దానికి ఖర్చు లేదు, 14448కి ఫోన్ చేస్తే ఎలా వేయాలో చెబుతారు. వసూలు కోసం ఉదయం 8 గంటల ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంక్ 2022 ఆగస్టులో స్పష్టంగా చెప్పింది. అలాంటి ఫోన్లు వచ్చి ఉంటే ఆ సమయాలు కూడా జత చేయండి. ఉత్తరం మీ నాన్నగారి పేరుతోనే, ఆయన సంతకంతోనే వెళ్లాలి. జవాబు ఆయనకు రావాలి, ‘గారు’తో రావాలి.

ప్రశ్న: నా గొంతు సన్నగా ఉంటుంది. ఏ కస్టమర్ కేర్‌కు చేసినా ‘చెప్పండి మేడమ్’ అంటారు. పేరు చెప్పాక కంగారుపడి పదిసార్లు సారీ చెబుతారు. దీనికి మందు లేదా?
— ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: ఉంది, మీ గోదావరి జిల్లాల నోట ఎప్పుడూ ఉండేదే. ‘అండి’. ఆడవాళ్లకూ మగవాళ్లకూ అదే, ఎవరో తెలియనప్పుడూ అదే. పేరు స్క్రీన్ మీద కనిపించి, మనిషి నోట విన్న తర్వాత గానీ సార్, మేడమ్ వాడొద్దని నేను చెప్పేదాన్ని. లింగమార్పిడి చేసుకున్నవాళ్లు, చేసుకుంటున్నవాళ్లు ఫోన్ చేసినప్పుడు ఈ జాగ్రత్త మరీ అవసరం. పొరపాటు జరిగితే ఒక్క సారీ చాలు, వెంటనే పనిలోకి వెళ్లాలి. పది సారీలు చెబితే మళ్లీ మీరే వాళ్లను ఓదార్చాల్సి వస్తుంది.

ప్రశ్న: జర్మనీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ సపోర్ట్ టీమ్‌లో చేరాను. ఇక్కడ కూడా మన ‘నువ్వు–మీరు’ లాగే ‘డూ–జీ’ ఉన్నాయి. కస్టమర్ నాకు ‘డూ’ అని మెయిల్ రాస్తే నేనూ ‘డూ’ అనొచ్చా? మన అలవాటు ప్రకారం నా చేయి ఆడటం లేదు.
— ఒక పాఠకుడు, మ్యూనిక్

జవాబు: అక్కడి పద్ధతి మీ కంపెనీ పద్ధతితో మొదలవుతుంది, ముందు అది కనుక్కోండి. హైదరాబాద్‌లో 2018లో స్టోర్ తెరిచిన స్వీడన్ ఫర్నిచర్ కంపెనీ ఐకియా జర్మనీలో కస్టమర్లను ‘డూ’ అనే పిలుస్తుంది. అది స్వీడన్ అలవాటు. 1967లో అక్కడి జాతీయ వైద్య బోర్డు అధిపతిగా వచ్చిన బ్రూర్ రెక్సెడ్, తన సిబ్బంది అందరినీ ‘డూ’ అనే పిలుస్తానని ప్రకటించడం పెద్ద వార్త అయింది. ఆ రోజుల్లో దేశమంతా అటే మళ్లింది. జర్మనీ అంతగా మళ్లలేదు. బ్యాంకులు, బీమా, ప్రభుత్వ ఆఫీసుల్లో ‘జీ’ ఇప్పటికీ మామూలే.

మీ కంపెనీకి నియమం లేకపోతే మొదటి మెయిల్ ‘జీ’తో, ‘హెర్’ (మగవాళ్లకు) లేదా ‘ఫ్రౌ’ (ఆడవాళ్లకు) పక్కన ఇంటిపేరుతో రాయండి. కస్టమర్ ‘డూ’ అని రాస్తే తిరిగి ‘డూ’ రాయడం అక్కడ తప్పు కాదు. మన దగ్గర పెద్దాయన ‘నువ్వు’ అన్నా మనం ‘మీరు’ అంటాం, అది మనకు సహజం. అక్కడ మీరొక్కరే ‘జీ’ పట్టుకుని కూర్చుంటే, దూరం పెడుతున్నారని అనుకోవచ్చు. మన మర్యాదను అక్కడికి మోసుకెళ్లకండి, వాళ్ల మర్యాద నేర్చుకోండి. ఇంకో చిన్న మాట. మన పేర్లు చూసి ఆడో మగో జర్మన్లకు తెలియదు. సంతకంలో పేరుకు ముందు ‘హెర్’ అని చేర్చండి, వాళ్ల ఇబ్బంది తీరుతుంది.

ప్రశ్న: మంగళగిరి కాటన్ చీరలు వాట్సాప్‌లో అమ్ముతాను. లైవ్‌లో అందరూ ‘డియర్’, ‘సిస్’ అంటుంటే నేనూ అలాగే అనాలా? నా కస్టమర్లు నన్ను ‘అక్కా’ అంటారు, వాళ్లలో నాకంటే పెద్దవాళ్లూ ఉన్నారు.
— ఒక వ్యాపారస్తురాలు, మంగళగిరి

జవాబు: వాళ్లు వరస కలిపితే మీరూ కలపండి. మీ అంతట మీరు మొదలుపెట్టకండి. ‘ఆంటీ’ అని మాత్రం ఎవరినీ, ఎప్పుడూ అనొద్దు. ‘డియర్’ మన మాటల్లో ఇమడలేదని నా అభిప్రాయం. ‘అండి’ ఉండగా దాని అవసరం కూడా కనిపించదు.

చీర బాగుందా, జరీ అంచు ఎంత, బ్లౌజ్ ముక్క ఉందా అనే మాటలు అక్కాచెల్లెళ్లలాగే మాట్లాడుకోవచ్చు. డబ్బు, కొరియర్, రిటర్న్ గురించిన మెసేజ్‌లు మాత్రం వరసలు లేకుండా, పూర్తి వాక్యాల్లో, ‘మీరు’తో రాయండి. ‘అక్కా రిటర్న్ లేదు అక్కా, అర్థం చేసుకో అక్కా’ అని వస్తే, డబ్బు పోయిన మనిషికి ఆ ‘అక్కా’ రెట్టింపు నొప్పి. ‘ఓపెనింగ్ వీడియో లేని పార్సిల్‌కు రిటర్న్ తీసుకోవడం లేదండి, ఆర్డర్‌కు ముందు పంపిన నియమాల్లో ఇది ఉంది. కావాలంటే తర్వాతి ఆర్డర్‌లో కొరియర్ చార్జీ తగ్గిస్తాను’ అని రాస్తే కోపం ఉన్నా మాట మిగులుతుంది. పండగ ఆఫర్ల మెసేజ్ అందరికీ ఒకేసారి వెళ్తుంది కదా, అందులో ‘ఇంకా కొనలేదా నువ్వు’ లాంటివి రాయకండి. ఈ మధ్య పెద్ద పెద్ద యాప్‌లు కూడా ఇలాంటివి పంపుతున్నాయి. డెబ్బై ఏళ్ల మా అత్తగారి ఫోన్‌కు ‘ఆకలేస్తోందా? ఏం చూస్తున్నావ్?’ అని వచ్చింది. ఆవిడ దాన్ని నాకు చూపించి, ‘వీళ్లెవరమ్మా నాకు తెలిసినవాళ్లా?’ అని అడిగారు.

ప్రశ్న: విశాఖలో నైట్ షిఫ్ట్ చేస్తాను. అర్ధరాత్రి దాటాక కొందరు కావాలనే చేస్తారు. ‘ఏయ్, నీ పేరేంటి, ఎక్కడుంటావ్, పెళ్లయిందా’ అంటారు. కస్టమర్‌ను ‘మీరు’ అనాల్సిందే, కాల్ మనం కట్ చేయకూడదు అంటారు మా వాళ్లు. అలాంటివాణ్ని కూడా ‘మీరు’ అనాలా?
— పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: అనండి, కానీ వాడి కోసం కాదు, మీ కోసం. మీరు ‘నువ్వు’లోకి దిగితే రేపు రికార్డింగ్‌లో ముందు వినిపించేది అదే, మీదే తప్పంటారు. ఇలాంటి కాల్‌లో ‘అండి’ కూడా తీసేయండి, ‘సార్’ తీసేయండి, గొంతులో నవ్వు తీసేయండి. ‘మీ కనెక్షన్ గురించి ఏదైనా ఉంటే చెప్పండి. వ్యక్తిగత ప్రశ్నలకు జవాబు చెప్పను.’ రెండోసారి అంటే, ‘ఇలాగే మాట్లాడితే కాల్ ముగిస్తాను’ అనండి. మూడోసారి ముగించండి. ఫ్లోర్‌లో చాలామంది అసలు పేరు బదులు వేరే పేరు వాడతారు, మీరూ వాడొచ్చు, అడిగితే కంపెనీ ఒప్పుకోవాలి.

‘కాల్ కట్ చేయకూడదు’ అనే మీ వాళ్లకు ఒక విషయం చూపించండి. పని చోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం 19వ సెక్షన్ ప్రకారం, పనిలో భాగంగా ఎదురయ్యే బయటివాళ్ల నుంచి కూడా ఉద్యోగినులకు రక్షణ కల్పించాల్సింది యాజమాన్యమే. మీ ఆఫీసులో ఇంటర్నల్ కమిటీ ఉండాలి, అందులో ఎవరున్నారో గోడ మీద రాసి ఉండాలి. ఒకే నంబర్ నుంచి మళ్లీ వస్తుంటే మీ టీఎల్‌కు మెయిల్ పెట్టి, ఆ కమిటీకి కాపీ పెట్టండి. ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు.

టికెట్ నోట్‌లో, అంటే ఆ కాల్ గురించి సిస్టమ్‌లో రాసే చోట, ‘కస్టమర్ మిస్‌బిహేవ్ చేశారు’ అని రాసి వదిలేయకండి. చదివినవాళ్లకు ఏం జరిగిందో అందులో తెలియదు. సమయం వేసి, ఆయన అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు కొటేషన్‌లో పెట్టి, మీరు రెండుసార్లు హెచ్చరించిన మాటలు కూడా రాసి, తర్వాతే క్లోజ్ చేయండి. రాయడానికి మీకు సిగ్గుగా ఉంటే షిఫ్ట్ అయ్యాక టీఎల్ పక్కన కూర్చుని ఆ రికార్డింగ్ వినిపించండి, నోట్ వాళ్లనే రాయమనండి.